అంతర్జాల ఉన్నతవిద్యలో విద్యార్థి నిమగ్నత – సాంకేతిక సాధనాల పాత్ర

విద్య కేవల శ్రవణంతో సిద్ధించదని భారతీయ సంప్రదాయం ఏనాడో గుర్తించింది. శ్రవణ మనన నిదిధ్యాసలని వేదాంతులు చెప్పిన క్రమం బ్రహ్మవిద్యకు సంబంధించినదే అయినా, అందులోని బోధనాసూత్రం సర్వశాస్త్రాలకూ వర్తిస్తుంది. వినడం మొదటి మెట్టు. విన్నదానిని యుక్తితో పరీక్షించడం రెండవది. పరీక్షించినదానిని బుద్ధిలో స్థిరపరచుకోవడం మూడవది. ఈ మూడింటిలో మొదటిది మాత్రమే గురువు అధీనంలో ఉంటుంది. తక్కిన రెండూ శిష్యుని ప్రయత్నం వల్ల జరగవలసినవే. ఆ ప్రయత్నాన్నే ఆధునిక విద్యాశాస్త్రం ‘విద్యార్థి నిమగ్నత’ అనే పేరుతో పరిశీలిస్తున్నది.

తరగతిగదిలో విద్యార్థి ముఖకవళికలే అతని నిమగ్నతను కొంతవరకు పట్టి ఇస్తాయి. బోధన అంతర్జాలానికి మారినప్పుడు ఆ ఆధారం లోపిస్తుంది. 2020 మార్చిలో కరోనా వ్యాప్తి కారణంగా దేశంలోని కళాశాలలు మూతపడినప్పుడు ఈ సమస్య ప్రతి అధ్యాపకునికీ అనుభవంలోకి వచ్చింది. అయితే ఇది ఆ సంక్షోభంతో ముగిసిన సమస్య కాదు. ‘స్వయం’ వేదికపై అందించే పాఠ్యక్రమాల ద్వారా ఒక విద్యాసంవత్సరపు అర్ధభాగంలోని పాఠ్యాంశాలలో 20 శాతం వరకు పూర్తిచేసేందుకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016లో అవకాశం కల్పించింది. 2021 నాటి నిబంధనలు ఆ పరిమితిని 40 శాతానికి పెంచాయి. కనుక ఈ చర్చ ప్రాచ్యభాషాధ్యాపకులకు దూరమైనది కాదు. సాంకేతిక సాధనం నిమగ్నతను కలిగించగలదా, లేక నిమగ్నత ఉన్నట్లు భ్రమ కలిగిస్తుందా అన్నదానిపై నాలుగు దశాబ్దాల పరిశోధన ఏమి చెబుతున్నదో, అది సంస్కృతాంధ్ర బోధనకు ఎట్లా అన్వయిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

నిమగ్నత – స్వరూపం

విద్యార్థి తన చదువుపై వెచ్చించే శారీరక, మానసిక శక్తిని బట్టే అతని ఫలసిద్ధి ఉంటుందని అమెరికా విద్యావేత్త అలెగ్జాండర్ ఆస్టిన్ 1984లో ప్రతిపాదించాడు. ఈ భావాన్ని జెన్నిఫర్ ఫ్రెడ్రిక్స్, ఫిలిస్ బ్లూమెన్‌ఫెల్డ్, ఆలిసన్ పారిస్ అనే పరిశోధకులు 2004లో వెలువరించిన సమీక్షావ్యాసంలో మూడు విధాలుగా విభజించారు. అవి ప్రవర్తనాత్మకం, భావాత్మకం, బౌద్ధికం. వారి పరిశీలన పాఠశాలలకు సంబంధించినదే అయినా, ఉన్నతవిద్యను గూర్చిన పరిశోధనల్లోనూ ఈ విభాగం స్థిరపడింది.

దీనిని కావ్యపాఠానికి అన్వయించి చూడవచ్చు. మనుచరిత్ర పాఠానికి విద్యార్థి సకాలంలో హాజరవుతాడు, అప్పగించిన వ్యాసం గడువులోగా సమర్పిస్తాడు. ఇది ప్రవర్తనాత్మక నిమగ్నత. ప్రవరుని గతి ఏమవుతుందో తెలుసుకోవాలన్న ఆసక్తి, పద్యం వింటున్నప్పుడు కలిగే ఆనందం భావాత్మకం. పద్యాన్ని తానే అన్వయించుకోవడం, ఆ స్థానంలో కవి మరొక పదాన్ని ఎందుకు వాడలేదని ప్రశ్నించుకోవడం, వ్యాఖ్యాత చెప్పిన అర్థం ప్రకరణానికి పొసగుతున్నదో లేదో పరీక్షించడం బౌద్ధికం. ఈ మూడూ ఒకచోట ఉండి తీరాలన్న నియమం లేదు. హాజరుపట్టికలో లోపం లేని విద్యార్థికి అన్వయశక్తి శూన్యం కావచ్చు. పాఠం వినడంలో ఆనందం పొందినవానికి మరునాడు ఒక్క పద్యమూ జ్ఞప్తికి రాకపోవచ్చు.

సాంకేతిక సాధనాలు ఈ మూడింటిలో మొదటిదానిని అతి సులభంగా లెక్కిస్తాయి. విద్యార్థి ఎప్పుడు ప్రవేశించాడు, ఎన్ని నిమిషాలు ఉన్నాడు, ఎన్ని పుటలు తెరిచాడు అన్న వివరాలు యంత్రంలో నమోదవుతాయి. మూడవది అంత తేలికగా నమోదు కాదు. లెక్కకు అందినదానినే నిమగ్నతగా భావించడం ఈ రంగంలో తరచు కనిపించే పొరపాటు.

సాధనమా, బోధనా?

సాధనానికీ ఫలితానికీ గల సంబంధంపై రిచర్డ్ క్లార్క్ 1983లో ఒక వాదాన్ని లేవదీశాడు. ఆయన దృష్టిలో రేడియో, టెలివిజన్, కంప్యూటర్ వంటివి సరుకులు మోసే లారీల వంటివి. లారీ మారినంత మాత్రాన సరుకులోని పోషకశక్తి మారదు. అభ్యసనంలో మార్పు కనిపించిందంటే దానికి కారణం బోధనాపద్ధతి మారడమే గాని మాధ్యమం మారడం కాదు. దీనికి ప్రతిగా రాబర్ట్ కోజ్మా 1994లో, ప్రతి మాధ్యమానికీ కొన్ని విశిష్ట శక్తులు ఉన్నాయనీ, కొన్ని బోధనాపద్ధతులు ఆ శక్తుల మూలంగానే సాధ్యమవుతాయనీ వాదించాడు.

రెండు వాదాలలోనూ సత్యాంశం ఉంది. వేదపాఠంలోని ఉదాత్తానుదాత్త స్వరితాల భేదాన్ని లిపి గుర్తులతో సూచించగలుగుతుంది గాని వినిపించలేదు. ధ్వనిముద్రణ వినిపించగలదు. ఆ మేరకు కోజ్మా మాట యుక్తం. అయితే ఆ ముద్రణను వంద పర్యాయాలు విన్న విద్యార్థి ఒక్కమారైనా తాను ఉచ్చరించి దోషం దిద్దించుకోకపోతే స్వరం పట్టుబడదు. ఆ మేరకు క్లార్క్ మాట యుక్తం. సాధనం అవకాశాన్ని మాత్రమే కల్పిస్తుంది. దానిని వినియోగించే కృషి బోధనాపద్ధతి వల్ల కలగాలి.

అమెరికా విద్యాశాఖ పక్షాన 2010లో వెలువడిన పరిశోధనల సమీకరణం ఈ అభిప్రాయాన్ని బలపరుస్తుంది. అంతర్జాల బోధనలో, ముఖ్యంగా ముఖాముఖి బోధనతో జోడించిన మిశ్రమ పద్ధతిలో, ఫలితాలు కొంత మెరుగుగా ఉన్నట్లు అది తేల్చింది. కాని అటువంటి తరగతుల్లో విద్యార్థులకు అదనపు సమయం, అదనపు పాఠ్యసామగ్రి లభించాయనీ, కనుక ఆ మెరుగుదలను మాధ్యమానికి ఆపాదించరాదనీ ఆ నివేదికే హెచ్చరించింది.

దూరం – సంవాదం

దూరవిద్యలో దూరం అంటే ఏమిటన్న ప్రశ్నకు మైకేల్ మూర్ ఇచ్చిన సమాధానం ఈ రంగానికి మూలస్తంభమైంది. గురుశిష్యుల మధ్య దూరాన్ని మైళ్లతో కొలవరాదనీ, వారి మధ్య జరిగే సంవాదంతో కొలవాలనీ ఆయన సిద్ధాంతం. తెలుగులో దీనిని ‘బోధనాదూరం’ అనవచ్చు. సంవాదం పెరిగితే బోధనాదూరం తగ్గుతుంది. పాఠ్యక్రమం బిగువైన చట్రంలో బిగిసి సంవాదానికి తావు లేకపోతే అది పెరుగుతుంది. దూరం పెరిగినకొద్దీ విద్యార్థికి స్వయంశిక్షణ అధికంగా అవసరమవుతుంది. మూడు వందలమంది కూర్చున్న ఉపన్యాసశాలలో గురువు కళ్లెదుటనే ఉన్నా బోధనాదూరం ఎక్కువ కావచ్చు. ఉత్తరాల ద్వారా సందేహాలు తీర్చుకునే శిష్యునికి అది తక్కువ కావచ్చు.

సార్వత్రిక విద్య చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. 1969లో స్థాపితమైన బ్రిటన్ సార్వత్రిక విశ్వవిద్యాలయం టెలివిజన్ ప్రసారాలకు ప్రసిద్ధి పొందింది. కాని విద్యార్థి పంపిన వ్యాసాన్ని అధ్యాపకుడు చదివి, దోషాలు చూపి, వ్యాఖ్యానించి తిరిగి పంపే విధానం అక్కడి బోధనకు ఆయువుపట్టుగా నిలిచింది. భారతదేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో వెలసింది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991 నుండి డా. బి.ఆర్. అంబేద్కర్ పేరిట కొనసాగుతున్న ఆ సంస్థ అచ్చుపాఠాలతో పాటు అధ్యయన కేంద్రాలలో ముఖాముఖి తరగతులను కూడా ఏర్పరచింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1984 ఆగస్టులో దూరదర్శన్ ద్వారా ప్రారంభించిన తరగతి ప్రసారాలు మరొక మార్గంలో నడిచాయి. అవి దేశమంతటికీ ఒకేసారి చేరాయి గాని ప్రేక్షకుని ప్రశ్న తిరిగి చేరే మార్గం వాటిలో స్వల్పం. టపా నిదానమైనది, ప్రసారం శీఘ్రమైనది. అయినా బోధనాదూరాన్ని తగ్గించడంలో టపాయే ముందుంది.

విద్యార్థి సంపర్కాన్ని మూర్ 1989లో మూడుగా వర్గీకరించాడు. అవి విద్యార్థికి పాఠ్యాంశంతో, అధ్యాపకునితో, తోటి విద్యార్థులతో ఉండే సంపర్కాలు. రాబర్ట్ బెర్నార్డ్ బృందం 2009లో 74 పరిశోధనలను సమీకరించి పరిశీలించగా, ఈ సంపర్కాలను పెంపొందించిన పాఠ్యక్రమాలలో విద్యార్థుల సాధన మెరుగ్గా ఉన్నట్లు తేలింది.

లెక్కలకు అందేది, అందనిది

2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పక్షాన సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధపై అంతర్జాలంలో ఉచితంగా నడిపిన పాఠ్యక్రమంలో లక్షా అరవై వేలమంది పేర్లు నమోదు చేసుకున్నారు. ఉన్నతవిద్య ఇక అందరికీ అందినట్లేనన్న ఆశ అప్పట్లో ప్రబలింది. తరువాతి లెక్కలు ఆ ఆశను సరిదిద్దాయి. హార్వర్డ్, మసాచుసెట్స్ సంస్థలు 2012 నుండి 2018 వరకు అందించిన ఇటువంటి పాఠ్యక్రమాలను జస్టిన్ రైక్, హోసే రుయిపెరెజ్ వాలియెంటె పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించారు. పేర్లు నమోదు చేసుకున్నవారిలో సగానికి పైగా పాఠ్యక్రమంలో అడుగైనా పెట్టలేదు. 2017–18లో పాల్గొన్న మొత్తం విద్యార్థులలో పాఠ్యక్రమాన్ని పూర్తిచేసినవారు 3.13 శాతం. రుసుము చెల్లించి ధ్రువపత్రం కోరినవారిలో మాత్రం అది 46 శాతం.

ఈ అంకెలను చూసి అంతర్జాల విద్య విఫలమైందని నిర్ణయించడం తొందరపాటు అవుతుంది. రెనే కిజిల్‌చెచ్ తదితరులు 2013లో చూపినట్లు, ఇటువంటి పాఠ్యక్రమాలలో చేరినవారు ఒకే తెగకు చెందరు. పరీక్షలు రాసి పూర్తిచేసేవారు, పాఠాలు మాత్రమే వినేవారు, కొంతదూరం సాగి విరమించేవారు, అక్కడక్కడ రుచిచూసి పోయేవారు అని నాలుగు విధాలు. గ్రంథాలయంలో ప్రతి గ్రంథాన్నీ ఆద్యంతం చదివినవారినే పాఠకులని ఎవరూ అనరు. అయితే పట్టాకోసం చేరిన విద్యార్థి స్థితి వేరు. అతనికి మధ్యలో విరమించడం రుచిచూడడం కాదు, నష్టం.

దృశ్యపాఠాల విషయంలో ఫిలిప్ గువో బృందం 2014లో ప్రకటించిన పరిశోధన విశేషంగా ప్రచారం పొందింది. 862 దృశ్యపాఠాలను విద్యార్థులు సుమారు 69 లక్షల పర్యాయాలు వీక్షించిన తీరును పరిశీలించి, పాఠం ఎంత దీర్ఘమైనదైనా మధ్యమ వీక్షణకాలం ఆరు నిమిషాలకు మించలేదని వారు తేల్చారు. దృశ్యపాఠాలు చిన్నవిగా ఉండాలన్న సూత్రం దీనినుండే వ్యాపించింది. కాని ఇక్కడ కొలిచినది వీక్షణకాలమే గాని అభ్యసనం కాదని ఆ పరిశోధకులే స్పష్టం చేశారు. యంత్రంలో పాఠం నడుస్తూ ఉండగా విద్యార్థి వేరొక పనిలో ఉండవచ్చు.

చూడడానికీ చేయడానికీ గల తారతమ్యాన్ని కెన్నెత్ కోడింజర్ బృందం 2015లో నేరుగా పరిశీలించింది. అంతర్జాలంలో నడిచిన ఒక మనస్తత్వశాస్త్ర పాఠ్యక్రమంలో, అదనంగా అభ్యాసాలు చేయడం వల్ల కలిగిన ప్రయోజనం అదనంగా దృశ్యపాఠాలు చూడడం వల్ల కలిగిన ప్రయోజనానికి ఆరు రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. ఇది అంతర్జాలానికే పరిమితమైన విషయం కాదు. స్కాట్ ఫ్రీమన్ తదితరులు 2014లో విజ్ఞానశాస్త్రాల బోధనకు సంబంధించిన 225 పరిశోధనలను సమీకరించగా, విద్యార్థులను పనిలో పెట్టిన తరగతుల్లో అనుత్తీర్ణులు సుమారు 22 శాతం, కేవలోపన్యాస తరగతుల్లో సుమారు 34 శాతం అని తేలింది.

విద్యార్థి భావన కూడా నమ్మదగిన కొలబద్ద కాదు. హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో జరిగిన పరిశోధన ఫలితాలను లూయీ దెలోరియే బృందం 2019లో వెల్లడించింది. స్వయంగా సమస్యలు సాధించిన విద్యార్థులు పరీక్షలో ఎక్కువ నేర్చుకున్నట్లు చూపారు, కాని తాము తక్కువ నేర్చుకున్నామని భావించారు. ధారాళమైన ఉపన్యాసం విన్నవారు ఎక్కువ నేర్చుకున్నామని భావించారు, కాని నేర్చినది తక్కువ. శ్రమ కలిగినచోట జ్ఞానం కలగలేదనుకోవడం, సుఖంగా సాగినచోట కలిగిందనుకోవడం సహజమైన భ్రమ. పాఠం బాగుందన్న విద్యార్థుల ప్రశంసను మాత్రమే ఆధారంగా తీసుకునే సంస్థలకు ఇది హెచ్చరిక.

చర్చాప్రక్రియ – అధికరణ పద్ధతి

అంతర్జాల బోధనలో చర్చకు ప్రాముఖ్యం కల్పించినవారు ర్యాండీ గ్యారిసన్, టెర్రీ ఆండర్సన్, వాల్టర్ ఆర్చర్. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ వారు 2000లో ‘విచారణ సమాజం’ అనదగిన సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. దాని ప్రకారం అంతర్జాల తరగతి ఫలవంతం కావాలంటే మూడు సాన్నిధ్యాలు అవసరం. తోటివారు నిజమైన వ్యక్తులుగా తోచడం సామాజిక సాన్నిధ్యం. అర్థనిర్మాణం జరగడం బౌద్ధిక సాన్నిధ్యం. చర్చను రూపొందించి నడిపించడం బోధనా సాన్నిధ్యం.

బౌద్ధిక సాన్నిధ్యంలో నాలుగు దశలను వారు గుర్తించారు. సమస్య తలెత్తడం, వివిధాభిప్రాయాల అన్వేషణ, వాటి సమన్వయం, నిర్ణయం అనేవి ఆ దశలు. ప్రాచ్యశాస్త్రాలు తెలిసిన పాఠకునికి ఇవి అపరిచితాలు కావు. మీమాంసకులు అధికరణానికి చెప్పిన పంచాంగాలు విషయం, విశయం, పూర్వపక్షం, ఉత్తరపక్షం, నిర్ణయం. విశయమంటే సంశయం. సంశయం లేనిదే విచారణకు ప్రవృత్తి లేదన్న విషయంలో ఉభయులూ ఏకీభవిస్తారు. భేదమూ లేకపోలేదు. అధికరణంలో పూర్వపక్షాన్ని బలంగా నిలిపి, తరువాత ఖండించడం విధి. ఆధునిక సిద్ధాంతంలో అన్వేషణ దశ అంతటి నియమబద్ధం కాదు.

ఈ భేదం ఆచరణలో ముఖ్యమైనది. గ్యారిసన్ బృందం 2001లో కొన్ని అంతర్జాల చర్చలలోని సందేశాలను వర్గీకరించగా, అన్వేషణ దశకు చెందినవి 42 శాతం, సమన్వయానికి చెందినవి 13 శాతం, నిర్ణయ దశకు చేరినవి 4 శాతం మాత్రమే. పరిశీలించిన సందేశాలు కొద్దివే అయినా, చర్చ అన్వేషణ వద్దనే ఆగిపోతుందన్న అంశం తరువాతి పరిశోధనలలోనూ పదే పదే వ్యక్తమైంది. ప్రతివారూ తమ అభిప్రాయం చెప్పి తప్పుకుంటారు. ఒకరి వాదానికి మరొకరు ప్రతివాదం చెప్పరు. ఇందుకు ఒక ప్రధాన కారణం ప్రశ్నలోనే ఉంది. ఫలానా కావ్యంపై మీ అభిప్రాయం తెలపండి అన్న ప్రశ్నకు అభిప్రాయాలే వస్తాయి. దానికి బదులు, ఒక పద్యానికి ఇద్దరు వ్యాఖ్యాతలు చెప్పిన భిన్నార్థాలను ముందుంచి, ఒక వర్గానికి పూర్వపక్షాన్ని, మరొక వర్గానికి ఉత్తరపక్షాన్ని అప్పగించి, మూడవ వర్గం చేత నిర్ణయం రాయించినట్లయితే చర్చ చివరిదాకా సాగడానికి అవకాశం ఏర్పడుతుంది. వాక్యార్థసభల సంప్రదాయం ఎరిగిన అధ్యాపకునికి ఇందులో కొత్తగా నేర్వవలసింది స్వల్పం.

నిమగ్నతకు అవరోధాలు

నిమగ్నత లోపించినప్పుడు దానిని విద్యార్థి అశ్రద్ధగా మాత్రమే పరిగణించడం న్యాయం కాదు. జాతీయ నమూనా సర్వే 75వ విడత లెక్కల ప్రకారం 2017–18లో దేశంలో అంతర్జాల సదుపాయం ఉన్న కుటుంబాలు సుమారు 24 శాతం. పట్టణాలలో అది 42 శాతం కాగా గ్రామాలలో 15 శాతమే. కంప్యూటర్ ఉన్న కుటుంబాలు సుమారు 11 శాతం. ఈ స్థితిలోనే 2020లో బోధన అంతర్జాలానికి మారింది. ఆ తరువాత ఫోన్ల వినియోగం విస్తరించింది. అయినా ఫోను ఉండడం వేరు, గంటసేపు అడ్డులేకుండా పాఠం వినగల చోటు, తీరిక, సంకేతబలం ఉండడం వేరు. సంక్షోభకాలంలో హడావిడిగా ఏర్పాటైన దూరబోధనను, ముందుగా రూపొందించిన అంతర్జాల విద్యను ఒకటిగా చూడరాదని చార్లెస్ హాడ్జెస్ తదితరులు 2020 మార్చిలోనే హెచ్చరించారు.

తరగతిలో కెమెరా తెరవని విద్యార్థుల విషయమూ ఇటువంటిదే. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ కాస్టెల్లి, మార్క్ సర్వరీ జరిపి 2021లో ప్రకటించిన పరిశీలనలో, తమ రూపం ఎట్లా కనిపిస్తుందోనన్న సంకోచం, వెనుక ఇంటివారు, ఇల్లు కనిపిస్తాయన్న జంకు, అంతర్జాల సంకేతం బలహీనంగా ఉండడం వంటి కారణాలను విద్యార్థులు పేర్కొన్నారు. తెర నల్లగా ఉన్నంతమాత్రాన వెనుక ఉన్న బుద్ధి నిద్రిస్తున్నదని చెప్పడానికి వీలులేదు. తెరపై ముఖం కనిపించినంతమాత్రాన అది మేల్కొని ఉన్నదనీ చెప్పలేము.

పేదరికం ప్రభావం ఉచిత విద్యలోనూ తొలగిపోలేదు. అమెరికా విద్యార్థులపై జాన్ హాన్సెన్, జస్టిన్ రైక్ 2015లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, పట్టభద్రులైన తల్లిదండ్రులు గల కౌమారులు ఉచిత అంతర్జాల పాఠ్యక్రమాలను పూర్తిచేసి ధ్రువపత్రం పొందే అవకాశం తక్కినవారికంటే ఇంచుమించు రెట్టింపు. ద్వారం అందరికీ తెరచి ఉన్నా, లోపల నడవడానికి చేయూత అవసరమైనవారు వెనుకబడుతున్నారని దీని తాత్పర్యం. తొలితరం విద్యార్థులు చేరే ప్రతి కళాశాల ఆలోచించవలసిన విషయమిది.

యంత్రమేధ తెచ్చిన సమస్య

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత నిమగ్నతను గుర్తించడం మరింత కష్టమైంది. అంతకుముందు విద్యార్థి సమర్పించిన వ్యాసం అతని కృషికి కొంతైనా సాక్ష్యంగా ఉండేది. ఇప్పుడు ఆ సాక్ష్యం బలహీనపడింది. తుర్కియేలోని ఉన్నత పాఠశాలలో సుమారు వేయిమంది గణిత విద్యార్థులపై హమ్సా బస్తానీ బృందం జరిపి 2025లో ప్రకటించిన ప్రయోగం ఈ సందర్భంలో స్మరణీయం. యంత్రమేధ సహాయంతో అభ్యాసాలు చేసినవారు అభ్యాససమయంలో 48 శాతం మెరుగైన ఫలితం చూపారు. సహాయం తొలగించి పరీక్ష పెట్టినప్పుడు, ఆ సహాయమే పొందనివారికంటే 17 శాతం వెనుకబడ్డారు. సమాధానం చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేటట్లు మలచిన యంత్రాన్ని వాడినవారిలో ఈ నష్టం చాలావరకు తొలగింది. సాధనం ఒకటే. అది విద్యార్థి చేత పని చేయించినప్పుడు ఒక ఫలం, విద్యార్థి పనిని తానే చేసినప్పుడు మరొక ఫలం.

ప్రాచ్యభాషా బోధనకు అన్వయం

పై పరిశీలనల వెలుగులో సంస్కృతాంధ్ర బోధనకు కొన్ని అనుసరణీయాంశాలు తేలుతున్నాయి.

మొదటిది, దృశ్యపాఠానికి ముందో మధ్యనో విద్యార్థికి చేయదగిన పని ఉండాలి. వ్యాకరణం, ఛందస్సు ఇందుకు ఎంతో అనుకూలాలు. ఉత్పలమాల లక్షణం చెప్పి, భ ర న భ భ ర వ గణాలను విభజించి చూపడంతో పాఠం ముగించే బదులు, ఒక పాదాన్ని ఇచ్చి గురులఘువులు గుర్తించమని, పదవ అక్షరం వద్ద యతి చెల్లినదో లేదో చెప్పమని అడిగి, ఆ తరువాతనే విభజనను చూపవచ్చు. ‘మహోన్నతం’ వంటి పదాలను విడదీసి సంధి పేరు చెప్పే అభ్యాసాలను యంత్రమే దిద్దగలదు. అధ్యాపకుని సమయం అందువల్ల మిగులుతుంది.

రెండవది, ఆ మిగిలిన సమయాన్ని యంత్రం చేయలేని పనికి వినియోగించాలి. ‘పీతాంబర’ శబ్దం పసుపుపచ్చని వస్త్రమన్న అర్థంలో కర్మధారయం, విష్ణువన్న అర్థంలో బహువ్రీహి. ఎక్కడ ఏది గ్రాహ్యమో ప్రకరణాన్ని బట్టి నిర్ణయించాలి. విద్యార్థి చూపిన విగ్రహవాక్యం కంటే అందుకు అతడు చెప్పిన హేతువు ముఖ్యం. ఆ హేతువును చదివి రెండు వాక్యాల్లో స్పందించే అధ్యాపకుడు లేనిచోట బోధనాదూరం తగ్గదు.

మూడవది, జ్ఞాపకానికి తగిన స్థానం ఇవ్వాలి. చదివినదానిని మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి జ్ఞప్తికి తెచ్చుకోవడం వారం తరువాత మెరుగైన ఫలమిస్తుందని హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో నిరూపించారు. పాఠం ఒప్పచెప్పించుకునే సంప్రదాయం దీనికి సన్నిహితమైనదే. అవధానమన్న పదానికే ఏకాగ్రత అని అర్థం. అక్కడ అప్రస్తుత ప్రసంగం ఏకాగ్రతను పరీక్షిస్తుంది, చివర జరిగే ధారణ దానికి ప్రమాణంగా నిలుస్తుంది. అవధాని ఎంతసేపు వేదికపై కూర్చున్నాడన్నది ఎవరూ లెక్కించరు. అంతర్జాల తరగతిలోనూ గడిపిన నిమిషాల కంటే, వారం గడిచిన తరువాత విద్యార్థి గొంతుతో వినిపించగలిగిన నాలుగు పద్యాలు విశ్వసనీయమైన కొలమానం. ఇందుకు సాధారణ ఫోనులో ధ్వనిముద్రణ చాలు, కెమెరా అవసరం లేదు. సంకేతబలం తక్కువగా ఉన్న గ్రామం నుండి కూడా దానిని పంపవచ్చు.

నాల్గవది, రాసి సమర్పించిన వ్యాసంపై ఐదు నిమిషాల మౌఖిక ప్రశ్నోత్తరం జోడించాలి. వ్యాసం ఎవరు రాశారన్న అనుమానంతో విద్యార్థిని నిలదీయడం దీని లక్ష్యం కాదు. రాసినదానిని సమర్థించుకునే అవకాశం కల్పించడమే లక్ష్యం.

వీటికి ఆచరణలో ఒక పరిమితి ఉంది. రెండు వందలమందికి ఒక్క అధ్యాపకుణ్ణి కేటాయించి సంవాదం జరపమనడం వృథా. సాంకేతికతను అధ్యాపకుల సంఖ్య తగ్గించే ఉపాయంగా స్వీకరించిన సంస్థలో పై సూచనలు ఏవీ అమలుకావు. దృశ్యపాఠం ఒకమారు ముద్రిస్తే వేలమందికి పనికివస్తుంది. ప్రత్యుత్తరం మాత్రం ఒక్కొక్కరికీ వేరువేరుగా చెప్పవలసిందే.

ఉపసంహారం

సంగ్రహంగా చెప్పవలసివస్తే, అంతర్జాల ఉన్నతవిద్యను గూర్చిన పరిశోధన మూడు విషయాలను స్థాపిస్తున్నది. నిమగ్నత సాధనంలో లేదు, సాధనం ద్వారా విద్యార్థి చేసే పనిలో ఉంది. సులభంగా లెక్కకు వచ్చే హాజరు, వీక్షణకాలం, ప్రశంస అనేవి నిమగ్నతకు సూచకాలు కావచ్చు గాని ప్రమాణాలు కావు. గురువు ప్రత్యుత్తరం లేనిచోట దూరం తగ్గదు. శ్రవణాన్ని వ్యాపింపజేయడంలో యంత్రానికి సాటి లేదు. మననానికి అది సందర్భాన్ని మాత్రమే కల్పించగలదు. అంతర్జాలంలో పాఠం రూపొందించే అధ్యాపకుడు ముందుగా నిర్ణయించుకోవలసింది తాను ఏమి చెప్పాలన్నది కాదు, విన్న తరువాత విద్యార్థి ఏమి చేయాలన్నది.